గంగవాయిలి: ఒకే జాతా, జాతుల సముదాయమా?

వృక్షమిత్ర:
వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో పోర్చులాకా ఒలరేసియా అని పేరుపెట్టిన గంగవాయిలిని ఇంకా ఒకే జాతిగా లెక్కించడం సబబు కాదని నా వాదన. 1978లో వృక్షశాస్త్రజ్ఞులు డానిన్, బేకర్ దంపతులు గింజల పరిమాణాన్ని, బీజకవచం మీది బుడిపెలను ఆధారం చేసుకుని దీనిని ఉపజాతులుగా విభజించారు; తరువాత వాటిలో కొన్నింటిని జాతి స్థాయికి పెంచారు. క్రోమోజోములు కొన్ని మొక్కల్లో 18, కొన్నింటిలో 36, మరికొన్నింటిలో 54 ఉంటాయి. అంత తేడా ఉన్న మొక్కల మధ్య సంకరం జరిగినా, పుట్టే సంతతి సాధారణంగా వంధ్యంగానే మిగిలిపోతుంది. ఇక ఒకే పేరు ఎందుకు?

బీజాంకురం:
క్రోమోజోముల వాదం బలమైనదే. నా అభ్యంతరమల్లా బుడిపెల మీదే. ఈ ఏకవార్షికపు పువ్వుకు రెండు రక్షకపత్రాలు, సాధారణంగా అయిదు పసుపుపచ్చని ఆకర్షకపత్రాలు ఉంటాయి. అది ఎండ కాసే పూట కొద్ది గంటలు మాత్రమే విచ్చుకుంటుంది, ఆలోగా ఏ కీటకమూ వాలకపోయినా తన పుప్పొడితోనే ఫలదీకరణ ముగించుకోగలదు. అందువల్ల ఒక మొక్కలో తలెత్తిన చిన్నపాటి మార్పు తరతరాలుగా చెక్కుచెదరకుండా నిలిచిపోతుంది. పండిన కాయ నడుముకు అడ్డంగా చీలి, పైభాగం మూతలాగా ఊడిపోతుంది; అందులోనుంచి రాలే నల్లని గింజ సాధారణంగా ఒక మిల్లీమీటరుకు అటూఇటూ మాత్రమే ఉంటుంది. దాన్ని భూతద్దం కింద పెడితే ఒకదాని కణాలు నక్షత్రాల్లా చదునుగా అల్లుకుని, మరొకదాని మీద బుడిపెలు పొడుచుకుని కనబడతాయి. చూడముచ్చటైన తేడాయే, కాదనను. అయితే 54 క్రోమోజోములున్న మొక్కల్లోనే ఇలాంటి గింజలు ఒకటికి మించిన రకాలుగా దొరుకుతున్నప్పుడు, అవి స్వపరాగ వంశాల తేడాలే తప్ప జాతుల సరిహద్దులని ఎలా అనగలం?

హరితపత్రం:
నీరు చాలినప్పుడు పగటివేళ కార్బన్ డయాక్సైడును ముందుగా నాలుగు కార్బన్ల ఆమ్లంగా పట్టే సీ4 కిరణజన్య సంయోగక్రియ పద్ధతిలోనూ, నేల ఎండినప్పుడు రాత్రివేళ కార్బన్ డయాక్సైడును పట్టి ఉంచే క్యామ్ పద్ధతిలోనూ పనిచేసే ఆ రసభరితమైన ఆకు వీటన్నింటినీ ఒకే జాతిగా కలపదా?

బీజాంకురం:
నేను ఒకే జాతి పక్షమే అయినా ఈ ఆధారాన్ని ఒప్పుకోలేను. పూల కోసం తోటల్లో పెంచే మరో జాతి పోర్చులాకా గ్రాండిఫ్లోరాలోనూ ఆ రెండు పద్ధతులూ ఉన్నాయి. అది పలు జాతులు కలిసిన పోర్చులాకా ప్రజాతి లక్షణం, ఇక్కడి తగువును తేల్చదు.

వృక్షమిత్ర:
అయితే బుడిపెలను పక్కన పెడదాం. 18, 36, 54 వర్గాల మధ్య చేతితో పరాగసంపర్కం జరిపి, సంతతి గింజలు మొలకెత్తుతాయో లేదో చూసిన తరువాతే విభజన గురించి మాట్లాడటానికి నేను సిద్ధం. ఆ మూడింటి మధ్య అడ్డుగోడ నిజంగా ఉందని తేలితే, కనీసం మూడు పేర్లకైనా మీరు ఒప్పుకోవలసి వస్తుంది.