'చెప్పుకుంటున్న': పరిచయ వాక్యంలో ఈ మాట చేసే పని

సభ్యులకు నమస్కారం. విశాఖలో ఒక స్థానిక వార్తా చానల్‌కు పద్నాలుగేళ్లుగా వార్తలు, చర్చల పరిచయ వాక్యాలు రాస్తున్నాను. ఈ రోజు ఒక్క మాట మీ ముందు పెడుతున్నాను: 'చెప్పుకుంటున్న'. నేనే రాశాను, ఒక మనిషి ఎదుట చదివించాను. అప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు.

ఆ రోజు చర్చ మహిళల క్రీడాపోటీల్లో ట్రాన్స్ మహిళలకు చోటు ఉండాలా వద్దా అన్నది. ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య 2023 మార్చిలో, మగ యౌవనదశ దాటి వచ్చిన ట్రాన్స్ మహిళలను ప్రపంచ ర్యాంకింగు పోటీల మహిళా విభాగం నుంచి తప్పించింది. 2025 సెప్టెంబరు 1 నుంచి ఆ విభాగంలో పరుగెత్తాలంటే జన్యుపరీక్ష కూడా తప్పనిసరి అంది. అతిథులు ఇద్దరు. ఒకరు పూర్ణా మార్కెట్ ప్రాంతంలో తన తోటివారి రేషన్ కార్డులు, ఆసుపత్రి పనులు చూసే ట్రాన్స్ మహిళ. ఇంకొకరు తెల్లవారుజామున బీచ్ ఇసుకలో ఆడపిల్లలను పరుగెత్తించే కోచ్. ఆమె కూడా మహిళే.

నేను రాసిన వాక్యం ఇది: "తనను తాను మహిళగా చెప్పుకుంటున్న ఒక సామాజిక కార్యకర్త, ఇరవై ఏళ్లుగా బాలికలకు శిక్షణ ఇస్తున్న ఒక కోచ్ మనతో ఉన్నారు."

నేను అద్దం ఇవతల కూర్చున్నాను. మొదటి అతిథి చీర అంచుకు మైకు క్లిప్పు సరిచేసుకుంటున్నారు. 'చెప్పుకుంటున్న' అన్న మాట వినపడగానే ఆ చేయి అక్కడే ఆగిపోయింది. యాంకర్ నమస్కారం చెప్పగానే ఆమె అన్న మొదటి మాట: "నేను చెప్పుకోవడం ఏమిటండీ? కలెక్టరు గారి సంతకంతో కార్డు ఉంది. నేను చెప్పుకోలేదు, ప్రభుత్వమే చెప్పింది."

'చెప్పడం'కీ 'చెప్పుకోవడం'కీ ఉన్న తేడాను అంత సూటిగా చూపించిన వ్యాకరణ పాఠం నేను చదవలేదు.

'కొను' చేరితే పని ఫలం చేసినవారికే చెందుతుందని బడిలో నేర్చుకున్నాం. వండుకుంది, చదువుకుంది, దాచుకుంది. 'చెప్పు' పక్కన చేరినప్పుడు మాత్రం ఈ 'కొను' ఎన్నో దారులు తొక్కుతుంది. కష్టం చెప్పుకుంటాం, గోడు చెప్పుకుంటాం, సింహాచలం మెట్లెక్కి అప్పన్నకు చెప్పుకుంటాం. గొప్పలూ చెప్పుకుంటాం. ఊళ్లో ఏదైనా జరిగితే జనం నాలుగు రకాలుగా చెప్పుకుంటారు. ఎవరినైనా ఖాతరు చేయకపోతే 'నీ దిక్కున్న చోట చెప్పుకో' అంటాం. వీటన్నిటిలో ఉమ్మడిగా కనిపించేది ఒకటుంది. ఆ మాటను నమ్మాలో లేదో వినేవారి చేతిలో ఉంటుంది. చెప్పేవారి చేతిలో బలం లేదు.

కష్టం చెప్పుకునేటప్పుడు అందులో తప్పేమీ లేదు. కానీ ఒక పేరు ముందు విశేషణంగా పెట్టి చూడండి. 'మేధావిగా చెప్పుకుంటున్న', 'నాయకుడిగా చెప్పుకుంటున్న'. వెంటనే 'నిజానికి కాదు' అన్న నీడ పడుతుంది. నేర వార్తల్లో 'పోలీసునని చెప్పుకుంటూ వసూళ్లు' అని ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. మోసగాడికి వాడే అచ్చులోనే నేను ఆ అతిథిని పోసి పంపాను. ఆమె నోరు తెరవక ముందే కేసు సగం తీర్పయిపోయింది.

కోచ్ విషయంలో తప్పు ఇంకోలా జరిగింది, అదీ చెప్పాలి. "మా పిల్లలు సెకనులో వందో వంతు తేడాతో పతకం పోగొట్టుకుంటారు. యౌవనంలో పెరిగిన ఎముక, కండరం తర్వాత మందులతో పూర్తిగా తగ్గవు, అదే నా బాధ" అని ఆమె అన్నారు. వాక్యం పూర్తి కాకుండానే యాంకర్ అడ్డుపడ్డారు: "అంటే వీళ్లు అసలు ఆడకూడదంటారా? అంటే మీకు వీళ్లంటే ద్వేషమా?" ఆమె ఆ రెండూ అనలేదు. 'అంటే' అని మొదలుపెట్టి ఎదుటివారి నోట్లో మన మాట కుక్కడం మన చర్చల్లో నిత్యం జరిగేదే. ఆమె ముఖం ఎర్రబడింది. మిగిలిన పది నిమిషాలూ ఆమె తనకు ద్వేషం లేదని నిరూపించుకోవడానికే సరిపోయింది. అసలు విషయం, అంటే పరుగు పోటీలో న్యాయం ఎలా కొలవాలన్నది, అక్కడే ఉండిపోయింది.

ఒకరిని 'చెప్పుకుంటున్న'తో దెబ్బతీశాం, ఇంకొకరిని 'అంటే'తో. ఇద్దరూ ఇంటికి వెళ్లింది గాయంతోనే.

---

వ్యాఖ్య, అనకాపల్లి నుంచి:

మీ బాధ అర్థమైంది. కానీ ఒక అభ్యంతరం. ట్రాన్స్ మహిళలు మహిళలా కాదా అన్నదే అక్కడ చర్చ. యాంకర్ నేరుగా 'మహిళ' అనేస్తే ఒక పక్షానికి తీర్పు ఇచ్చినట్టు కాదా? బ్రిటన్ సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 16న అక్కడి 2010 సమానత్వ చట్టంలో 'స్త్రీ' అంటే పుట్టుకతో వచ్చిన జీవసంబంధ లింగమేనని తీర్పు చెప్పింది కదా. 'చెప్పుకుంటున్న' అనడం కనీసం తటస్థంగా ఉండే ప్రయత్నం.

---

నా జవాబు:

మీ అభ్యంతరం న్యాయమైనది, అందుకే నిదానంగా రాస్తున్నాను. ఆ తీర్పు అక్కడి చట్టానికి. అదే తీర్పు, లింగ మార్పు కారణంగా చూపే వివక్ష నుంచి ట్రాన్స్ వ్యక్తులకు రక్షణ కొనసాగుతుందని కూడా చెప్పింది. మన దగ్గర దారి వేరు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో, ఎవరి లింగ గుర్తింపును వారే నిర్ణయించుకునే హక్కు ఉందని చెప్పింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకు చేసిన 2019 చట్టం 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. కలెక్టరు ధ్రువపత్రం ఇచ్చేది ఆ చట్టం కిందే. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పురుషుణ్ని పెళ్లాడిన ట్రాన్స్ మహిళకు, భర్త, అత్తింటివారి వేధింపుల నుంచి కాపాడే 498ఏ సెక్షను వర్తిస్తుందని చెప్పింది. అయినా ఆ కార్డు పరుగుపందెం వాదాన్ని తేల్చదు. కోచ్ ప్రశ్న శరీరబలం గురించి, కార్డు గురించి కాదు. రెండింటినీ కలిపేసేది మన పరిచయ వాక్యమే.

ఇక తటస్థత. అటు ఇటు కాని మాట కోసం నేనూ చాలా వెతికాను. 'భావించుకునే' అంటే ఊహ అయిపోతుంది. 'గుర్తింపు పొందిన' అంటే కార్డు రానివారు బయట ఉండిపోతారు. 'లింగమార్పిడి చేయించుకున్న' అంటే కెమెరా ముందే ఆమె శస్త్రచికిత్స గురించి అడిగినట్టు. పక్కన కూర్చున్న కోచ్ శరీరం గురించి అలా అడుగుతామా? చివరికి ఆ రోజు రికార్డింగు మళ్లీ విన్నాను. కోచ్ తన వాదనంతా వినిపిస్తూనే, ఎదుటి మనిషిని 'ఈ ట్రాన్స్ మహిళ గారు' అన్నారు. ఒక్కసారి కాదు, నాలుగుసార్లు. ఇద్దరూ ముఖం చిట్లించకుండా వినగలిగిన మాట అక్కడే, స్టూడియోలోనే దొరికింది. నేను దాన్ని బయట వెతికాను.

ఈ చిక్కు మనది మాత్రమే కాదు. బీబీసీ రేడియోలో జస్టిన్ వెబ్ 2023 ఆగస్టులో చదరంగం నియమాల గురించి మాట్లాడుతూ ట్రాన్స్ మహిళలను 'అంటే మగవారు' అన్న అర్థంలో వివరించారు. నిష్పక్షపాత నియమానికి అది విరుద్ధమని 2024లో వారి ఫిర్యాదుల విభాగం తేల్చింది. చూడండి, అక్కడా 'అంటే'! 2025 జూన్‌లో మార్టిన్ క్రోక్సాల్ అనే వార్తాచదువరి, 'గర్భంతో ఉన్న వ్యక్తులు' అని రాసి ఉన్నదాన్ని చదువుతూ 'స్త్రీలు' అని సరిదిద్దారు. 20 ఫిర్యాదులు వచ్చాయి. ఆ క్షణంలో ఆమె ముఖకవళిక సొంత అభిప్రాయాన్ని చూపిందని నవంబరులో తేల్చారు. ఆ వార్త అనువదించబోయి ఆగిపోయాను. తెలుగులో 'గర్భిణి' అన్న మాటే స్త్రీలింగం. మన మామూలు మాటల్లో ఆ తగవు పుట్టడమే కష్టం. పక్కవాళ్ల తగవుకు మన మాటలు తొడిగే ముందు, అది మన మాటల్లో నిలుస్తుందో లేదో చూసుకోవాలి.

---

వ్యాఖ్య, విజయనగరం నుంచి, తెలుగు ఉపాధ్యాయిని:

మీరు చెప్పిన చివరి మాటను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్తాను. ఇంటర్వ్యూ చేసేవారికి తెలుగు ఇచ్చినంత వెసులుబాటు హిందీ ఇవ్వదు. హిందీలో 'మీరు వెళ్తారా' అని అడగాలన్నా క్రియలోనే ఆడో మగో తేల్చాలి. తెలుగులో 'నేను వచ్చాను', 'మీరు వచ్చారు' రెండింటిలోనూ లింగం లేదు. 'గారు'కు లేదు. 'వారు'కు లేదు. 'తాను'కు లేదు. ఎదురుగా కూర్చోబెట్టి 'మీరు' అంటూ మాట్లాడినంతసేపు తెలుగు యాంకర్ ఎవరి లింగాన్నీ తేల్చనక్కరలేదు. చిక్కంతా ప్రథమ పురుషలో వస్తుంది. పరిచయ వాక్యంలో, తెర కింద నడిచే అక్షరాల్లో. అంటే అతిథితో కాకుండా అతిథి గురించి మాట్లాడేటప్పుడు.

'లింగం' గురించీ ఒక మాట. సంస్కృతంలో దానికి మొదటి అర్థం గుర్తు, చిహ్నం. అమరకోశం అసలు పేరు నామలింగానుశాసనం. అందులోని లింగం శరీరానిది కాదు, పదానిది. భార్యకు సంస్కృతంలో ఉన్న మాటల్లో 'దార' పుంలింగం, 'కళత్రం' నపుంసకలింగం. పిల్లలకు ఇది చెప్పినప్పుడు తరగతి అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. ఇప్పుడు మనం 'లింగ నిర్ధారణ పరీక్ష'లోనూ 'లింగ సమానత్వం'లోనూ ఒకే మాట వాడుతున్నాం. మొదటిది కడుపులోని బిడ్డ శరీరం గురించి, రెండోది సమాజం గురించి. మీ చర్చలో ఇద్దరు అతిథులూ 'లింగం' అన్నప్పుడు చెరో అర్థంలో అని ఉంటారు. యాంకర్ మొదట అడగాల్సింది 'మీరు ఏ అర్థంలో అంటున్నారు' అని.

---

నా జవాబు:

టీచరు గారూ, నిజమే. రికార్డింగులో కోచ్ 'లింగం' అన్న ప్రతిసారీ శరీరం గురించే. ఆమె పక్కన ఉన్నవారు అన్న ప్రతిసారీ తన బతుకు గురించే. ఇరవై నిమిషాలు ఒకరినొకరు వినకుండా మాట్లాడినట్టు మాకు అనిపించింది. మాట ఒకటే అయినా వారు మాట్లాడింది రెండు విషయాలు. మీ ప్రశ్నను నా బల్ల మీద కాగితంపై రాసి అంటించాను.

---

వ్యాఖ్య, గాజువాక నుంచి:

తమిళంలో ట్రాన్స్ మహిళకు 'తిరునంగై' అన్న గౌరవమైన మాట ప్రభుత్వ కాగితాల్లో కూడా స్థిరపడింది. మద్రాసు హైకోర్టులో సాగిన ఒక కేసు ఫలితంగా 2022లో తమిళనాడు ప్రభుత్వం ఇలాంటి పదాల జాబితాను గెజెట్‌లో ప్రచురించింది. మనం కూడా ఒక మంచి తెలుగు మాట కట్టకూడదా?

---

నా జవాబు:

కట్టాలి. కానీ కట్టేది మనమే అయితే అది మళ్లీ 'వారి గురించి' మాట్లాడడమే అవుతుంది. ఆ రోజు వచ్చిన అతిథిని తర్వాత కలిసి అడిగాను. "మాకు బజారులో ఎన్ని పేర్లు ఉన్నాయో మీకు తెలుసు కదండీ. అందుకే ట్రాన్స్ అన్న ఇంగ్లీషు మాట నాకు హాయిగా ఉంది, అందులో తిట్టు లేదు" అన్నారు. నేను ఇంకేమీ అనలేకపోయాను.

క్షమాపణ కూడా చెప్పాను. కోచ్‌కు ఫోను చేసి ఆమెకూ చెప్పాను. మళ్లీ ఇద్దరినీ పిలుస్తామంటే, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ఇద్దరూ ఒకే షరతు పెట్టారు: పరిచయ వాక్యం ముందుగా తమకు చూపించాలని. నేను ఒప్పుకున్నాను. ఇది సంపాదకుడి అధికారాన్ని వదులుకోవడమని మా వాళ్లు కొందరు అన్నారు. ప్రశ్నలు చూపించడం లేదు, వారి గురించి మేము అనబోయే రెండు ముక్కలే చూపిస్తున్నాం. ప్రశ్నలు ఎంత గట్టిగానైనా అడగవచ్చు, ఇద్దరినీ.

---

వ్యాఖ్య, భీమిలి నుంచి:

'చెప్పుకోదగ్గ' మరిచిపోయారు. 'చెప్పుకోదగ్గ మనిషి', 'చెప్పుకోదగ్గ వాన'. ఇక్కడ 'చెప్పుకొను'లో అనుమానం లేదు, గొప్పే ఉంది.

---

నా జవాబు:

నిజంగా నాకు తట్టలేదు. రాసుకున్నాను. అక్కడ చెప్పుకునేది ఆ మనిషి కాదు, ఊరు. పాత నిఘంటువుల్లో 'చెప్పుకొను' కింద ఇంకేమైనా అర్థాలు, ఉదాహరణలు కనిపిస్తే దయచేసి ఇక్కడ పెట్టండి. ముఖ్యంగా పేరు ముందు విశేషణంగా వచ్చినప్పుడు అనుమానం లేకుండా వాడిన వాక్యం ఒక్కటైనా ఉందేమో వెతుకుతున్నాను.