‘నీ ప్రేమ మరీ చిక్కన’ అంటే తిట్టినట్టు వినిపిస్తుందా?

అడిగింది:
అందరికీ నమస్కారం. అమెరికా రచయిత్రి టోనీ మారిసన్ 1987 నవల ‘బిలవెడ్’ నుంచి కొన్ని పేజీలు మా చదువరుల కోసం తెలుగు చేస్తున్నాను. ఒకచోట కలం కదలట్లేదు. పాల్ డి అనే అతను సెథతో ‘నీ ప్రేమ మరీ థిక్’ అంటాడు. ఆమె ‘థిన్ ప్రేమ అసలు ప్రేమే కాదు’ అని తిప్పికొడుతుంది.

చదవనివారి కోసం సందర్భం చెబుతాను. సెథ కెంటకీలో బానిస. పిల్లల్ని ముందు పంపించి, తనూ ఒహాయో నది దాటి, బానిసత్వం లేని వైపున ఉన్న సిన్సినాటి చేరుతుంది. 28 రోజులు ఎవరి సొత్తూ కాకుండా బతుకుతుంది. అప్పుడు పట్టుకుపోవడానికి మనుషులు వస్తారు. పిల్లల్ని వాళ్ల చేతికి చిక్కనివ్వనని కట్టెల పాకలోకి లాక్కెళ్లి, పాకే వయసు కూతురి గొంతు రంపంతో కోస్తుంది. ఆ సంగతి 18 ఏళ్ల తర్వాత తెలుసుకుని పాల్ డి అన్న మాట ఇది.

‘గాఢమైన’ సినిమా పాటల్లో అరిగిపోయింది. ‘దట్టమైన’ అంటే అడవి కళ్లముందుకొస్తుంది. ‘మందం’ గోడకీ దుప్పటికీ బాగుంటుంది. నాకు ‘చిక్కన, పలచన’ జంట నచ్చింది. కానీ మనకి చిక్కదనం ఎప్పుడూ మెప్పే కదా! చిక్కటి పాలు, చిక్కటి కాఫీ, చిక్కటి కవిత్వం. పాల్ డి వేస్తున్నది నింద. ఏం చేయమంటారు?

ఒక జవాబు:
చిక్కనే ఉంచండి. ఈ నవల్లో తల్లి ప్రేమ గురించి ఏం చెప్పినా పాలతోనే చెప్పారు. సెథకి తల్లిపాలు దక్కింది రెండు మూడు వారాలు. ఆపైన తల్లిని మళ్లీ వరి మళ్లలోకి తోలేశారు. పాలివ్వడమే పనిగా ఉన్న ఇంకో బానిస, నాన్, ముందు తెల్లవాళ్ల పిల్లలకి పట్టి, మిగిలితే ఈ పిల్లకి పట్టేది. మిగలని రోజులూ ఉన్నాయి. నావి అని చెప్పుకోవడానికి పాలు లేకుండా పెరిగిన పిల్ల కాబట్టే, తల్లయ్యాక ‘నా పాలు నా బిడ్డలకే’ అని పట్టుపట్టింది. ఆ పాలనే ఇద్దరు కుర్రాళ్లు ఆమెని అదిమిపట్టి తాగేశారు. తర్వాత కొరడాతో వీపు చీల్చారు. పాల్ డి ఆ వీపు గురించి అడుగుతుంటే, ఆమె మాత్రం ‘నా పాలు తీసుకున్నారు’ అన్న మాట దగ్గరే తిరుగుతుంది.

ఇంకో చోటు చూడండి. సెథ తల్లి ఒకసారి చిన్నపిల్లగా ఉన్న సెథని పక్కకి తీసుకెళ్లి, రొమ్ము కింద కాల్చి వేసిన వాత చూపిస్తుంది. వలయంలో శిలువ. నాకేమైనా అయి ముఖం పోల్చుకోలేకపోతే దీన్నిబట్టి గుర్తుపట్టు అంటుంది. పిల్ల ‘నాకూ అలాంటిది వెయ్యి’ అని అడుగుతుంది. చెంప ఛెళ్లుమంటుంది. తన ఒంటిమీద తనదంటూ ఒక గుర్తు పడేదాకా సెథకి ఆ దెబ్బ అర్థం కాలేదు. నన్నడిగితే ఈ పుస్తకంలో తల్లీకూతుళ్ల సంగతంతా ఆ చెంపదెబ్బలో ఉంది, కోసిన రంపంలో కన్నా ఎక్కువగా.

‘గాఢం’లో పాలవాసన లేదు. ఇక నింద సంగతి అంటారా, ‘మరీ’ ఒక్కటి చాలు. చంటిపిల్లకి బర్రెపాలు పట్టాల్సొస్తే ‘మరీ చిక్కన, అరగవు’ అని మన అమ్మమ్మలు నీళ్లు కలిపేవాళ్లు. బిడ్డ తట్టుకోలేని చిక్కదనం. పాల్ డి అంటున్నదీ అదే.

దానికి బదులు:
చిక్కన సరే మాస్టారూ, నాకు పలచన దగ్గర ఇబ్బంది. ‘వాళ్ల ముందు పలచనైపోయాం’ అంటే లోకువైపోయామని. పాల్ డి మనసులో ఉన్న ప్రేమ లోకువది కాదు, అది బతికే ఉపాయం. బానిసగా బతికిన ఆడది దేన్నైనా అంతగా ప్రేమించడం, అందులోనూ కన్నబిడ్డల్ని, ప్రమాదం అనుకుంటాడు. అన్నిటినీ కొద్దికొద్దిగా ప్రేమిస్తే, ఒకదాన్ని వాళ్లు విరిచేసిన రోజున తర్వాతదానికి కాస్త మిగులుతుందని అతని లెక్క. ఇది నవలాకారిణి కల్పన కాదు. బానిసగా పుట్టి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసిన ఆత్మకథలో, పసితనంలోనే తల్లి నుంచి తనని విడదీశారని చెప్తాడు. ఆమె పగలంతా పొలంపని చేసి, రాత్రి 12 మైళ్లు నడిచి వచ్చి, పక్కన పడుకోబెట్టుకుని, అతను లేచేసరికి వెళ్లిపోయేది. అతనికి ఏడేళ్లప్పుడు ఆమె పోయింది. ఎవరో తెలియని మనిషి పోయినట్టే అనిపించిందట. పలచనైనది ప్రేమా, దాన్ని అలా చేసిన ఏర్పాటా? నేనైతే ‘అంటీముట్టని ప్రేమ’ అంటాను.

మొదటి జవాబిచ్చినవారు:
‘అంటీముట్టని’లో మనిషి తనే ఎంచుకున్న దూరం వినిపిస్తుంది. కాస్త వదిలేస్తే తామరాకు మీద నీటిబొట్టు దాకా పోతాం, వేదాంతమైపోతుంది. పాల్ డిది భయం. ఇంకో సంగతి గమనించండి, ‘థిన్’ అనే మాట అతను అనలేదు, ఆమె అంది. ఆమె నోట అది ఎత్తిపొడుపే. లోకువ అర్థం అక్కడ పనికొస్తుంది.

ఇంకొకరు:
చిక్కని పాలు అనగానే నాకు దాశరథీ శతకం గుర్తొచ్చింది. ‘చిక్కని పాలపై మిసిమి జెందిన మీగడ పంచదారతో మెక్కిన భంగి’ అని మొదలై, ‘మక్కువ పళ్ళెరంబున సమాహిత దాస్యమనేటి దోయిట’ రాముడి రూపాన్ని జుర్రుకుంటానంటాడు కంచెర్ల గోపన్న. చిక్కని పాలు, మక్కువ, దాస్యం మూడూ ఒక్క పద్యంలో! కాకపోతే ఈ దోసిలి భక్తుడు తనంతట తాను పట్టింది, కావాలంటే విప్పుకోగలడు. అందుకే నవల అనువాదంలో ఎక్కడా ‘దాస్యం’ వాడొద్దని నా మనవి. మన చెవికి అందులో భక్తి కలిసిపోయింది. ‘బానిసత్వం’ అనండి, మొరటుగానే ఉండనివ్వండి.

ఒక చిన్న వ్యాఖ్య:
ఇంత ఆలోచన ఎందుకు, ‘పిచ్చి ప్రేమ’ అంటే పోలా?

దానికి జవాబు:
పోదు తమ్ముడూ. గోపన్న పద్యం రాసిన 17వ శతాబ్దంలోనే, 1662లో, వర్జీనియాలో ఒక చట్టం చేశారు. నల్లజాతి స్త్రీ కన్న బిడ్డ బానిసా స్వతంత్రా అన్నది తల్లి స్థితినిబట్టి తేలుతుందని. ఇంగ్లిష్ ఆచారంలో బిడ్డ తండ్రి వైపు. ఇక్కడ దాన్ని తిరగేశారు. యజమాని తన బానిసకి తనే కన్న బిడ్డ కూడా అతని ఆస్తే అయ్యింది. అలాంటి చోట తల్లి నుంచి కూతురికి సంక్రమించేది ఏమిటి? బానిసగా బతికిన హారియట్ జేకబ్స్ తన కథ చెప్పుకున్న 1861 పుస్తకంలో, పుట్టింది ఆడపిల్ల అని చెప్పగానే గుండె ఎన్నడూ లేనంత బరువెక్కిందని రాసింది. ఆమె యజమానికి దొరక్కుండా, పిల్లల గొంతు వినపడే దూరంలో, నిలబడే ఎత్తు కూడా లేని అటకలో దాదాపు ఏడేళ్లు దాక్కుంది.

సెథ కథకి మూలం మార్గరెట్ గార్నర్. 1856 జనవరిలో గడ్డకట్టిన ఒహాయో నది మీదుగా సిన్సినాటి చేరింది, చుట్టుముట్టగానే రెండేళ్ల కూతుర్ని చంపింది. తర్వాత కోర్టులో జరిగిన గొడవ చూడండి. ఆమె మీద హత్యానేరం మోపమని కోరింది బానిసత్వాన్ని వ్యతిరేకించినవాళ్లు. హంతకురాలంటే మనిషి అని ఒప్పుకున్నట్టు. చివరికి 1850 నాటి పారిపోయిన బానిసల చట్టం ప్రకారం, పోయిన సొత్తులాగా వెనక్కి అప్పగించారు. ఇంత లెక్క ఉన్నచోట ‘పిచ్చి’ అంటే, చట్టాన్ని వదిలేసి ఆమెకి రోగం అంటగట్టినట్టు.

వరంగల్ వైపు నుంచి:
బానిస మాటొచ్చింది గనక ఒకటి చెప్త. మా దిక్కు గడీలల్ల ‘ఆడబాప’ అనెటోళ్లు. దొర బిడ్డ అత్తగారింటికి పోతుంటె అరణంగ ఎంబడి పంపే పేదోళ్ల ఆడపిల్ల. ఒక తల్లి బిడ్డ పెండ్లికి ఇంకో తల్లి బిడ్డను ఇచ్చుడు. సెథకు ఈ మాట పెట్టుమంట లేను అక్కా, ఆ చరిత్ర వేరు, ఇది వేరు.

అడిగినవారు:
పెట్టను తమ్ముడూ, కానీ మంచి మాట గుర్తుచేశారు. ప్రస్తుతానికి ఇలా రాసుకున్నాను:

‘నీ ప్రేమ మరీ చిక్కన.’
‘ప్రేమంటే ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. పలచన ప్రేమ అసలు ప్రేమే కాదు.’

ఇక తర్వాతి చిక్కు, నవల పేరే. చనిపోయిన కూతురి సమాధిరాయి మీద ‘బిలవెడ్’ అని చెక్కినందుకు చెక్కేవాడు డబ్బు అడగలేదు, పది నిమిషాలు ఆమె ఒళ్లు అడిగాడు. ఇంగ్లిష్‌లో ఏడక్షరాలు. ఇంకో పది నిమిషాలు ఒప్పుకుని ఉంటే ఆ మాట ముందు ఇంకో మాట కూడా దక్కేదేమోనని సెథ తర్వాత అనుకుంటుంది. కాబట్టి అక్షరాల లెక్క కథలో భాగం, వదిలేయడానికి లేదు. ‘ప్రియమైన’ నాలుగే. ‘ప్రాణప్రదమైన’ ఆరు దాకా వస్తుంది కానీ ఉత్తరం మొదట్లో రాసే మాటలా ఉంది. ఇంకేమైనా తడితే రాయండి.