విరాళాల ఉత్తరం శుక్రవారం ప్రింటుకి వెళ్లాలి, డబ్బు సంగతి తేల్చండి

సోమవారం, రాత్రి 9:10
అందరికీ నమస్కారం. మన పిల్లల క్లాసుల వార్షికోత్సవానికి మిగిలిన పనులు: సౌండ్, స్టేజీ, రిజిస్ట్రేషన్ టేబుల్, విరాళాల ఉత్తరం. మిగతావి ఆగినా ఉత్తరం ఆగదు. ఉత్తరం రాసిపెట్టడానికి మాట్లాడిన కాపీరైటర్ గారు సగం అడ్వాన్సు పడితేనే మొదలుపెడతానంటున్నారు.

9:32
అన్నా, డబ్బెక్కడుంది? హాలు డిపాజిట్ పెంచేసరికి ఉత్తరానికని పక్కన పెట్టిందంతా అటే పోయింది. ఖాతాలో ఉన్నది ప్రింటింగుకీ స్టాంపులకీ సరిపోతే చాలు.

9:41
పోనీ వచ్చిన విరాళాల్లో 10 శాతం ఇస్తామందాం. ఏమీ రాకపోతే మనకి నష్టం ఉండదు.

9:58
వద్దు తమ్ముడూ. నేను కాపీరైటర్ గారిని అడిగి చూశాను, ఆవిడే ఒప్పుకోలేదు. వసూలైన దాంట్లో శాతం కింద ఫీజు తీసుకోకూడదని విరాళాలు సేకరించే వృత్తిలో ఉన్నవాళ్ల సంఘం, అసోసియేషన్ ఆఫ్ ఫండ్‌రైజింగ్ ప్రొఫెషనల్స్ నియమావళిలోనే ఉంది. పిల్లల క్లాసులకని ఇచ్చిన డబ్బులోంచి వాటా తీశామని తెలిస్తే వచ్చే ఏడు ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

10:05
అసలు కాపీరైటర్ ఎందుకు? ఇన్నేళ్లూ నేను రాసిన ఉత్తరాలతోనే కదా నడిచింది. నాతో ఒక్క మాట అనకుండా బయటి మనిషిని మాట్లాడేశారు.

10:11
బాబాయ్, మిమ్మల్ని కాదనలేదు. కానీ కిందటేటి ఉత్తరం ఇప్పుడే మళ్లీ చదివాను. పేజీన్నరలో ‘మా సంస్థ’, ‘మేము’ కలిపి 14 సార్లున్నాయి, ‘మీరు’ ఒక్కసారే, అదీ ఆఖర్న ‘మీరు కూడా సహకరించగలరు’ అని. ఎంత ఇవ్వమంటున్నామో, దేనికో ఎక్కడా లేదు.

10:13
అందరి ముందూ లెక్కపెట్టి చెప్పాలా అమ్మా అది?

మంగళవారం, ఉదయం 6:50
బాబాయ్, రాత్రి ఫోన్లో చెప్పిందే ఇక్కడా చెప్తున్నా, అలా రాయకుండా ఉండాల్సింది. క్షమించండి.

7:20
సరేలేమ్మా, నాకూ కోపం ఆగలేదు. నిద్ర పట్టక మళ్లీ రాశాను, చూడండి: “పోయిన నెల మన క్లాసులో తొమ్మిదేళ్ల పాప వాళ్ల తాతగారి ఉత్తరం పైకి చదివింది. ‘క్షేమం’ దగ్గర ఆగింది, ఒత్తు మీద వేలు పెట్టి చూసుకుంది, చదివేసింది. ఆ అక్షరం నేర్చుకున్నది మీరు కిందటేడు కొనిపెట్టిన పుస్తకంలోనే.”

7:31
ఇదే పంపుదాం బాబాయ్! సంస్థ చరిత్ర పేరా తీసేద్దాం. ఎంత ఇస్తే ఎన్ని పుస్తకాలో ఒక లైను పెట్టి, అదే మాట చివర తా.క.లో ఇంకోసారి రాద్దాం, మధ్యలో చదవని వాళ్లు కూడా అక్కడ ఆగుతారు. పాప వాళ్లమ్మ ఒప్పుకుంటేనే సుమా.

మధ్యాహ్నం 12:40
కాపీరైటర్ గారు మనం రాసింది ఒక గంట కూర్చుని దిద్దిపెడతానన్నారు, దానికి ఖర్చు తక్కువే. ఆ గంట డబ్బులు నేనిస్తాను.

12:52
థాంక్స్ అక్కా. అదీ విరాళం కిందే రాస్తాను, రసీదు తీసుకోవాలి.

సాయంత్రం 6:15
కిందటేడు ఇచ్చినవాళ్లకే ముందు పంపుదాం. ‘ప్రియమైన దాతకు’ అని ప్రింటు చేయించొద్దు, ఎవరి పేరు వాళ్లకి చేత్తో రాద్దాం. గురువారం ఏడింటికి మా ఇంటికొచ్చేయండి, నీలం పెన్నులు తెచ్చుకోండి.

6:40
పాప వాళ్లమ్మ సరేనంది. పేరు మాత్రం వేయొద్దంది.