ఫిజీలో కోవిడ్: సరిహద్దు మూస్తే సరిపోయిందా?

ప్రశ్న (విశాఖ, ఎంపీహెచ్ - ప్రజారోగ్యంలో పీజీ - విద్యార్థిని):
పసిఫిక్ ద్వీపాల్లో మహమ్మారిని ఎలా తట్టుకున్నారనే దాని మీద అసైన్‌మెంట్ రాస్తున్నాను. ఎక్కడ చదివినా "సరిహద్దులు మూశారు, బయటపడ్డారు" అనే ఉంది. అక్కడ ఉన్న మనవాళ్లెవరైనా అసలు సంగతి చెప్తారా?

జవాబు 1 (లౌటోకా, ఫార్మసిస్టు):
తణుకు నుంచి వచ్చి ఇక్కడ మందుల షాపులో పనిచేస్తున్నానమ్మా. ఫిజీలో మొదటి కేసు 2020 మార్చిలో మా లౌటోకాలోనే వచ్చింది. సరిహద్దులు మూశాక దాదాపు ఏడాది పాటు ఊళ్లలో వైరస్ లేదు. కానీ టూరిజం ఆగింది. హోటళ్లలో పనిచేసేవాళ్లు సొంత ఊళ్లకెళ్లి కసావా, దాలో దుంపలు వేసుకున్నారు. ఫేస్‌బుక్‌లో వస్తుమార్పిడి గ్రూపు పెట్టి పందిపిల్లలిచ్చి పిల్లలకు స్కూలు పుస్తకాలు తీసుకున్నవాళ్లున్నారు.

2021 ఏప్రిల్‌లో క్వారంటైన్ కేంద్రం నుంచి డెల్టా రకం కోవిడ్ వైరస్ బయటికొచ్చింది. మే నెలలో లౌటోకా ఆసుపత్రిని రోగులు, డాక్టర్లతో సహా మూసేశారు. అసలు కష్టం మా కౌంటర్ దగ్గర తెలిసింది. ఇక్కడ ఇంటికొకరికి షుగర్, బీపీ. కాలు తీసేయించుకున్న మనిషి లేని వీధి తక్కువ. రాకపోకలు ఆపడానికి పెట్టిన చెక్‌పోస్టు అవతలివాళ్లు వైబర్ యాప్‌లో మందుల చీటీ ఫోటో పంపేవాళ్లు. మందు కట్టిపెట్టినా దాటించేవాడు దొరకాలిగా? షుగర్ మందు మెట్‌ఫార్మిన్ అయిపోయినవాళ్లకి కోవిడ్ వస్తే ఏమవుతుందో నువ్వు చదివే ఉంటావు. తొమ్మిది లక్షల జనాభాలో ఎనిమిది వందలమందికి పైగా పోయారు, చాలామంది ఇళ్లలోనే.

మరి వైరస్ లేని ఆ ఏడాదిని దేనికి వాడుకోవాల్సింది? రోగుల జాబితా, మూడు నెలల మందులు, ఊరి నర్సు. ప్రణాళిక అంటే నా లెక్కలో ఇదీ.

జవాబు 2 (న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్, నర్సు):
అన్నయ్యా, మూసెయ్యడాన్ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. 1918 నవంబర్‌లో ఇక్కడి నుంచి వెళ్లిన తలూనే ఓడని పశ్చిమ సమోవా (ఇప్పటి సమోవా) రేవు ఏపియాలో ఆపలేదు. ఆ దేశ జనంలో అయిదో వంతు మంది ఫ్లూతో పోయారు. పక్కనే అమెరికన్ సమోవాలో గవర్నర్ పోయర్ ఓడల్ని ఆపేశాడు, అక్కడ ఒక్క చావూ లేదు. ద్వీపాల వాళ్లు ఇప్పటికీ దాన్ని గుర్తుచేసుకుంటారు.

జవాబు 1:
ఒప్పుకుంటానమ్మా. కానీ అదే సమోవాలో 2019లో తట్టు వచ్చి 83 మంది పోయారు, ఎక్కువమంది అయిదేళ్లలోపు పిల్లలే. ముందు ఏడాది టీకా కలపడంలో పొరపాటు జరిగి ఇద్దరు పసివాళ్లు పోయారు. టీకాలు కొన్ని నెలలు ఆపేశారు, జనానికి నమ్మకం పోయింది. తర్వాత వేయించుకోనివాళ్ల ఇళ్ల ముందు ఎర్రగుడ్డ కట్టమని ప్రభుత్వమే చెప్పాల్సొచ్చింది. దీనికి సరిహద్దు ఏం చేస్తుంది?

ప్రశ్న అడిగినవారు:
ఊరి నర్సు అన్నారు. నర్సులు సరిపడా ఉన్నారా?

జవాబు 1:
అక్కడే వచ్చింది చిక్కు. సరిహద్దులు తెరిచాక చాలామంది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌కి వెళ్లిపోయారు. జీతం అంత తేడా, తప్పుపట్టలేం. ఒకప్పుడు గిర్మిట్ (కూలీ ఒప్పందం) మీద వచ్చిన తెలుగు, తమిళ కుటుంబాల వాళ్లు 1926లో పెట్టుకున్న సంగం అనే సంస్థ ఇప్పుడు లంబాసాలో నర్సింగ్ కాలేజీ నడుపుతోంది. చదివించడం వరకు బాగానే ఉంది. వాళ్లని ఇక్కడ నిలబెట్టే ఖర్చు ఎవరు పెడతారో అసైన్‌మెంట్‌లో లెక్కగట్టి చూడు. ఆక్లాండ్ చెల్లెమ్మ కూడా దీనికి జవాబు చెప్పాలి మరి!