అప్‌డేట్: ఫ్రైబుర్గ్‌లో కాకుండా హింటర్‌త్సార్టెన్‌లో దిగాం

అమ్మానాన్నలతో జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ అడవి కొండలు చూడాలంటే ఫ్రైబుర్గ్ సిటీలో ఉండాలా, కొండ మీద ఊళ్లోనా అని అడిగాను కదా. చివరికి కొండ మీది హింటర్‌త్సార్టెన్ ఊళ్లో, స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో అపార్ట్‌మెంట్ తీసుకున్నాం.

మీలో ఒకరు చెప్పిన కోనుస్ కార్డే అసలు కారణం. అక్కడి చాలా ఊళ్లలో రాత్రికి తలకింత అని టూరిస్ట్ పన్ను కడతాం, ఇంటివాళ్లు ఈ కార్డు ఇస్తారు. దాంతో ఆ ప్రాంతపు బస్సులు, లోకల్ రైళ్లు ఫ్రీ. ఐసీఈ లాంటి ఫాస్ట్ రైళ్లకు మాత్రం చెల్లదు. టిటిసే సరస్సు పక్క స్టేషనే. ఫ్రైబుర్గ్ అరగంట పైచిలుకు. లోయలోకి దిగే ఆ రైలు ప్రయాణం నాన్నకి అక్కడి పెద్ద చర్చి కంటే ఎక్కువ నచ్చింది!

ఇబ్బందల్లా సాయంత్రాలే. ఊరు తొందరగా సద్దుమణుగుతుంది. ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు, పాలు, పెరుగు, కూరగాయలు శనివారమే తెచ్చుకోవాలి. బియ్యం, ఆవకాయ వెంట ఉన్నాయి కాబట్టి అమ్మకి టెన్షన్ లేదు. కుర్రాళ్లే వెళ్తుంటే, రాత్రి తిరగాలనుంటే ఫ్రైబుర్గే నయం.

బుక్ చేసేముందు కోనుస్ ఇస్తారా అని అడగండి, అన్ని ఊళ్లూ అందులో లేవు.