నాన్న "చలవ" అని గృహప్రవేశం కార్డులో వెయ్యొచ్చా?

అందరికీ నమస్కారం. వచ్చే నెల కూర్మన్నపాలెంలో మా గృహప్రవేశం. కార్డు మీద "మా నాన్న చలవ వల్ల మాకీ ఇల్లు అమరింది" అని రాశాను. తమ్ముడు వద్దంటున్నాడు. "అంతా మీ చలవే సార్" అని ఆఫీసుల్లో పై అధికారుల దగ్గర అనే మాటట, నాన్నకి నప్పదట. "ధన్యవాదాలు" వెయ్యమన్నాడు. అది సభలో మైకు ముందు చెప్పే మాట, ఇంట్లో నాన్నతో ఎవరం అనం. "రుణం" అనగానే తీర్చే లెక్క మొదలవుతుంది. "పుణ్యమా అని" అందామంటే ఇప్పుడు దాన్ని ఎక్కువగా ఎత్తిపొడుపుకే వాడుతున్నారు.

చలవ అన్నా చలువ అన్నా ఒకటే, అసలు అర్థం చల్లదనం. చలువరాయి, చలువ పందిరి, ఎండాకాలం ఒంటికి చలవ చేసే సబ్జా నీళ్లు, అన్నీ అందులోవే. "నీ కడుపు చల్లగా" అనే దీవెనలోనూ ఆ చల్లదనమే ఉంది. ఎండనపడి వచ్చినవాడికి చెట్టు నీడ ఎలాగో, ఒకరి వల్ల మన బతుకు అలా ఉంటే అది వాళ్ల చలవ.

నా పట్టుదలకి ఇంకో కారణం ఉంది. మా నాన్న విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేశారు. అక్కడి ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. నాన్నది గోదావరి. "గోదావరిలో డ్యూటీ" అంటే చిన్నప్పుడు ఏటి ఒడ్డున పని అనుకునేదాన్ని. అక్కడ పారేది 1,400 డిగ్రీలు దాటిన ఇనుమని హైస్కూల్‌కి వచ్చాకే తెలిసింది. సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, దిగి పొద్దున్నే ఇంటికి వచ్చేవారు. చొక్కా చేతుల మీద నిప్పురవ్వల చిల్లులు. అమ్మ మజ్జిగ గ్లాసు అందిస్తూ "తాగండి, సలవ సేస్తాది" అనేది. తర్వాత తడి తువ్వాలు గుండెల మీద పరుచుకుని గచ్చు మీదే నిద్రపోయేవారు. ఫ్యానున్న గది మా చదువులకి ఇచ్చేశారు. ఆయన ఆ సెగలో నిలబడితే మాకు దక్కింది చల్లదనమే కదా! దీనికి చలవ కాక ఇంకే మాట సరిపోతుంది?

మీ ఇళ్లలో అమ్మానాన్నల విషయంలో ఈ మాట వాడతారా?

ఒక సభ్యుడి జవాబు: మాది విజయనగరం వైపు. "మా తాత సలవ" అని మా ఇంట్లో ఇప్పటికీ అంటాం. పొగడ్తలకి వాడుతున్నారని మన మాటని మనం వదులుకోవడం ఎందుకు? ఉంచండమ్మా. ఒక్క "వల్ల" తీసెయ్యండి. "ఈ ఇల్లు మా నాన్న చలవ" అంటే చాలు.

నేను: చాలా బాగుందండీ, అలాగే మార్చాను. తమ్ముడూ సరేనన్నాడు. నాన్నకి చదివి వినిపిస్తే ఏమీ అనలేదు. రాత్రి భోజనాలయ్యాక నా దగ్గరికి వచ్చి, తన షిఫ్ట్‌లో పనిచేసిన వాళ్ల కోసం ఇంకో 20 కార్డులు ఎక్కువ కొట్టించమన్నారు.