రెజిన్ భాగాలను అతికించే ముందు ఎప్పుడు, ఎలా కడగాలి?

ప్రశ్న:
నమస్కారమండి. ఇంతవరకు నేను మామూలు ప్లాస్టిక్ మోడల్ కిట్లు (భాగాలు అతికించి చిన్న నమూనాలు కట్టుకునేవి) మాత్రమే కట్టాను. పోత పోసిన రెజిన్ కిట్టు చేతికి రావడం ఇదే మొదటిసారి. భాగాలను పట్టుకుంటే వేళ్లకు సన్నని జిడ్డు తగులుతోంది. వీటిని పోత దిమ్మల (పోత పోసినప్పుడు భాగానికి అంటుకొని మిగిలే రెజిన్ ముక్కల) నుంచి కోయకముందే కడగాలా, లేక కోసి నునుపు చేసిన తరువాత కడగాలా? మరిగే నీళ్లు వాడితే జిడ్డు త్వరగా వదులుతుందా? నా దగ్గర ఉన్న ప్లాస్టిక్ సిమెంటు దీనికి పనికివస్తుందో లేదో కూడా తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు:
మీ వేళ్లకు తగులుతున్నది, పోసిన భాగం అచ్చు నుంచి సులువుగా ఊడి రావడానికి అచ్చు లోపల పూసే ద్రవపు అవశేషం. ఇది చాలా సందర్భాలలో సిలికాన్‌తో చేసినదై ఉంటుంది కనుక, దాని మీద జిగురూ రంగూ రెండూ నిలవవు. రంగు మొదట చక్కగా పరుచుకున్నట్టే కనిపించినా, మాస్కింగ్ టేపు (రంగు అంటకూడని చోట అతికించేది) తీసేటప్పుడు దానితోపాటు పొరలుగా లేచి వస్తుంది.

కోయకముందా, తరువాతా అంటే నేను రెండుసార్లూ కడగమంటాను. జిడ్డు ఉండగానే శాండ్ పేపర్ నడిపితే అది గీతల్లోకి దిగి, ఆ తరువాత ఎంత కడిగినా మొండికేస్తుంది. పైగా దిమ్మకు అంటుకొని ఉన్నంతవరకు సన్నని భాగాలను పట్టుకోవడమూ తేలిక. గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవం కొద్దిగా కలిపి, భాగాలను కొంతసేపు నానబెట్టి, మెత్తని పాత టూత్ బ్రష్‌తో మూలల్లోనూ గాడుల్లోనూ రుద్ది, మంచినీటితో రెండు మూడుసార్లు కడగండి. విడి భాగాలను జల్లెడలో వేసి కడగకపోతే, అన్నిటికన్నా చిన్నదే తూములోకి పోతుంది! రెండో కడుగుడు కోత, నునుపు పనులు పూర్తయ్యాక, దుమ్ము వదిలించడానికి.

మరిగే నీళ్లు మాత్రం వద్దు. వేడికి రెజిన్ మెత్తబడుతుంది కనుక, తుపాకీ గొట్టాల వంటి సన్నని భాగాలు వంగిపోతాయి. వంకర పోయి వచ్చిన భాగాన్ని సరిచేయడానికి ఈ గుణమే ఉపయోగపడుతుంది: వేడినీటిలో కొద్దిసేపు ముంచి, నిదానంగా సరిచేసి, వెంటనే చన్నీటిలో పెడితే ఆ ఆకారంలోనే బిగుసుకుంటుంది.

ప్లాస్టిక్ సిమెంటు మామూలు కిట్ల ప్లాస్టిక్ అయిన పాలిస్టైరిన్ ఉపరితలాన్ని కరిగించి అతుకుతుంది. పోత కిట్లలో వాడే పాలీయురెథేన్ రెజిన్‌ను కరిగించలేదు కనుక ఇక్కడ పనికిరాదు. చిన్న భాగాలకు సూపర్ గ్లూ, బరువు మోసే అతుకులకు ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) వాడండి. బరువైన భాగమైతే రెండు వైపులా సన్నని రంధ్రాలు చేసి లోపల తీగ ముక్క దూర్చడం ఇంకా మేలు.

రెండో జవాబు:
పై సలహాతో ఏకీభవిస్తూనే ఒక మాట చేరుస్తాను. సబ్బునీటి తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిస్తే మిగిలిన పలుచని పొర కూడా పోతుంది. ఆ తరువాత చేతి తొడుగులు లేకుండా పట్టుకోకండి, వేళ్ల నూనె మళ్లీ అంటుతుంది. అసిటోన్ జోలికి మాత్రం పోవద్దు, అది కొన్ని రెజిన్ల ఉపరితలాన్ని పాడుచేస్తుంది. జిడ్డు పోయిందో లేదో నీరే చెబుతుంది: చుక్కలుగా ముడుచుకుంటే ఇంకా ఉన్నట్టు, పలుచని పొరలా పరుచుకుంటే పోయినట్టు. రెజిన్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు కనుక శాండ్ పేపర్ తడిపి రుద్దండి, మాస్కు కూడా పెట్టుకోండి.

మూడో జవాబు:
మీది త్రీడీ ప్రింటర్‌లో తీసిన రెజిన్ కాదని నిర్ధారించుకోండి. అది కాంతికి గట్టిపడే వేరే రకం. దాని మీద మిగిలిన జిగట ద్రవాన్ని తొడుగులు వేసుకొని ఆల్కహాల్‌లో కడిగి, ఆరిన తరువాత అతినీలలోహిత కాంతిలో పెట్టాలి. గట్టిపడని రెజిన్ చర్మానికి అలెర్జీ తెచ్చిపెడుతుంది. ఆ కడిగిన ద్రవాన్ని తూములో పోయకూడదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. నాది పోత పోసినదే, దిమ్మలు స్పష్టంగా ఉన్నాయి. కడిగాక వెంటనే అతికించవచ్చా?

మొదటి జవాబు రాసినవారు:
తొందర వద్దు. గాడుల్లోనూ రంధ్రాల్లోనూ నీరు దాగి ఉంటుంది. ఆ తడికి సూపర్ గ్లూ మరీ త్వరగా గట్టిపడి, తెల్లబారి, అతుకు బలహీనమవుతుంది. నూలు పోగులు రాలని గుడ్డ మీద రాత్రంతా ఆరనివ్వండి. హెయిర్ డ్రైయర్ వాడదలచుకుంటే చల్లని గాలే పెట్టండి.